అక్క తిప్పిన కార్డు

ఆఫీసులో అందరూ నాకు సార్‌లూ మేడమ్‌లే. ఆవిడ ఒక్కతే అక్క. ఇద్దరిదీ ధవళేశ్వరమే. రాజమండ్రిలోని మా సాఫ్ట్‌వేర్ కంపెనీకి రోజూ ఒకే షేర్ ఆటోలో వెళ్ళేవాళ్ళం. ముందెక్కినవాళ్ళు పక్కన బ్యాగు పెట్టి రెండోవాళ్ళకి చోటు ఆపాలి.

అలా ఉండగా మా కంపెనీకి అజైల్ పిచ్చి పట్టుకుంది. పెద్ద పనిని రెండేసి వారాల ముక్కలు చేసుకోవడం, పొద్దున్నే అందరూ నిలబడి ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకోవడం, గోడకి రంగురంగుల చీటీలు అంటించడం. ఇదంతా దగ్గరుండి నడిపించే మనిషి స్క్రమ్ మాస్టర్. మా టీములోంచే ఒకరిని చేస్తామన్నారు. నాకు ఆ పని కావాలి. మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో కూడా ఫోన్లో ఆ పాఠాలే వింటూ కూర్చున్నాను.

"నాకెందుకే ఆ తలనొప్పి! నువ్వే అవుతావు, చూడు," అనేది అక్క. హైదరాబాద్‌లో ఇవన్నీ చేసొచ్చిన మనిషి. ఆటోలో నాకు ఓపిగ్గా నేర్పేది.

పని ఎంత కష్టమో తేల్చడానికి కార్డులు ఉంటాయి. ఎవరికి తోచిన అంకె వాళ్ళు బోర్లా పెట్టి, అందరూ ఒక్కసారే తిప్పాలి. తేలికైతే మూడు, బాగా కష్టమైతే పదమూడు. పక్కవాళ్ళ మొహం చూసి చెప్పకూడదనే ఈ ఏర్పాటు. మా దగ్గర అదెక్కడ సాగుతుందీ! మేనేజరు గారు టీ తాగుతూ "చిన్న పనేనండి ఇది" అని ముందే అనేసేవారు. ఇంకేముంది, అందరూ మూడే. పెద్దాయన మాట కాదంటే ఏం బావుంటుందని.

రొయ్యల రైతుల పాత యాప్‌లోని వివరాలన్నీ కొత్తదాంట్లోకి మార్చే పని వచ్చింది. అది చిన్నది కాదని నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. ముందురోజు ఆటోలో తనే అంది: "పదమూడు పెట్టు. నేనూ అదే పెడతాను. స్క్రమ్ మాస్టర్ అవ్వాలంటే ఆ మాత్రం ధైర్యం ఉండాలే."

కార్డులు తిప్పాం. నాది పదమూడు. మిగతావన్నీ మూడు. అక్కదీ మూడే!

తన మొహంలోకి చూశాను. తను మేనేజరు గారి వైపు చూస్తోంది. ఎక్కువ పెట్టినవాళ్ళు కారణం చెప్పాలి. నేను నోరు తెరిచేలోపే అక్క నవ్వుతూ, "కొత్త కదండీ, భయపడుతోంది," అంది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మాట్లాడితే ఎక్కడ ఏడుపొస్తుందోనని ఊరుకున్నాను.

ఆ పని నాకే ఇచ్చారు. రెండు వారాల్లో అవలేదు. ఎలా అవుతుంది నా మొహం! చివర్లో ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని మాట్లాడుకునే మీటింగ్ ఉంటుంది. అందులో ఎవరినీ తప్పుపట్టకూడదని నాకు నేర్పింది అక్కే. నా పక్కనే కూర్చుని, "కష్టమైతే తను గట్టిగా చెప్పాల్సిందండి," అంది. స్క్రమ్ మాస్టర్ ఎవరో కూడా ఆ మీటింగులోనే చెప్పారు. అక్క. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం ఎప్పటిలాగే ఆటోలో పక్కన బ్యాగు పెట్టుకుని కూర్చుంది.

"రావే, ఎక్కు. ఏమీ మనసులో పెట్టుకోకు. ఆయన ముందు కాదనలేకపోయాను."

ఆయన ముందు నన్ను పదమూడు పెట్టమన్నదెవరు? నమ్మించి గొంతు కోసి, పైగా రావే అట!

"మీరు వెళ్ళండి, మేడమ్," అన్నాను.

ఒక్క క్షణం నా వైపు చూసి బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నా చోట్లో ఇంకెవరో కూర్చున్నారు.