కళ్లు తెరవని పేజీ

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మా అన్న మొన్న ఫోన్ చేసి, తాను చెక్కిన ఆఖరి విగ్రహానికి దూరపు గుడిలో ఉలితో కళ్లు తెరిపిస్తున్నానని, నెట్‌లో చూపిస్తారని చెప్పి, "ఇదే నా కడాపని రా, మోకాళ్ల నొప్పులని సాకు చెప్పొద్దు, యాడుండైనా చూడు" అన్నాడు. తీరా ఈ పొద్దున నంద్యాలలో మా ఇంట్లో కంప్యూటర్ తెరిస్తే తెల్లటి పేజీ తప్ప ఏమీ లేదు. కారణం నాకు తెలుసు; పేజీలను ఆడించే స్క్రిప్టులనే ప్రోగ్రాములను ఆపి పెట్టుకున్నది నేనే.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లలో ఒక పేజీ తెరిస్తే దాని మీద అడగని కిటికీలు నాలుగు తెరుచుకుని, మిషను మూలుగుతూ ఆగిపోయే రోజులు. అలాంటి ఒక సెంటర్లో పనిచేస్తూ, ఎనిమిదితో బడి మానేసిన నేను, కనబడిన ప్రతి మీటా నొక్కి చూసి, పేజీ వెంట దొంగచాటుగా వచ్చి మన మిషన్లో పనులు చేసే ఈ స్క్రిప్టులను ఆపడం నేర్చుకున్నాను. ఆపగానే అదే పాత మిషన్లో పేజీ చిటికెలో వచ్చేది, అక్షరాలు మాత్రమే, చొక్కా పట్టి లాగేవాడు లేడు. కబురు చెప్పను వచ్చినవాడు నా ఇంటి బీరువా ఎందుకు తెరవాలి? ఆ కోపం నాకింకా చల్లారలేదు. నష్టం లేదనను, బస్సు టికెట్ల పేజీలో సీట్లు కనబడవు, మీట నొక్కితే పలకదు, కొన్ని పేజీలైతే మా నాయన చెక్కి, కళ్లు మాత్రం తెరిపించకుండా ఉంచిన విగ్రహాల్లా అన్నీ ఉండీ చూపు లేకుండా నిలబడతాయి.

వెనక నుంచి మా ఆవిడ, "మీయన్న ఆడ ఉలి పట్టుకోని కూచ్చోనుండాడు, నువ్వు ఈడ పంతం పట్టుకోని కూచ్చో! ఊరందరికీ కనపడేది నీకొక్కనికే కనపడదు" అంది.

పళ్లు కొరుక్కుంటూ స్క్రిప్టులు వదిలాను. అన్న చేయి కనబడింది, ముసలిదైనా వణకని చేయి, విగ్రహం కంటి దగ్గరికి ఉలి తీసుకుపోతూ. అంతలో దాని మీద మోకాళ్ల నూనె ప్రకటన పరుచుకుంది. మూసే గుర్తు వెతికి నొక్కేసరికి విగ్రహం చూస్తోంది, అన్న చేతులు కడుక్కుంటున్నాడు.

సాయంత్రం ఫోన్లో "చూసినావా రా?" అన్నాడు. "నీ చేయి చూసినాన్నా" అన్నాను.

మా నాయన కాలంలో కళ్లు తెరిపించే ఘడియకు అందరం పక్కకు తప్పుకునేవాళ్లం. విగ్రహం తొలిచూపు ఎదుట పెట్టిన అద్దం మీదే పడాలని. చూడకపోయినా వెలితి ఉండేది కాదు, తప్పుకున్నది మనమే కాబట్టి. ఇప్పుడు లోకమంతా చూడవచ్చునంటారు. మధ్యలో ఎవడు అడ్డం నిలబడతాడో మాత్రం మన చేతిలో లేదు.