వెళ్ళొస్తానన్న దొరసాని

నా చిన్నప్పుడు కెనడా అనే మాట మొదట ఒక దొరసాని నోట విన్నాను. ఇప్పుడు అదే కెనడాలో, విన్నిపెగ్‌లో, మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ ఎవరింటికెళ్ళినా లేచేటప్పుడు "వెళ్తానమ్మా" అంటాను. మనవాళ్ళు ఊరుకుంటారా? "అయ్యో ఆంటీ, అలా అనకూడదు, వెళ్ళొస్తాననండి" అని గుమ్మం దాకా వచ్చి మరీ దిద్దుతారు. నేను వినపడనట్టు వంగి బూట్లు వేసుకుంటాను. అరవై ఏళ్ళుగా ఆ మాట నా నోట రాదు. ఎందుకు రాదో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ పోయాక మా నాన్న నన్ను మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో చేర్చాడు. ఆయన గోదావరి కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. ప్రతి నెలా రెండో ఆదివారం వచ్చి, గేటు పక్కనున్న అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకుని, వేరుశనగకాయలు ఒలిచి పెట్టి, సాయంత్రం బస్సుకి "వెళ్ళొస్తానమ్మా" అని లేచేవాడు. మళ్ళీ రెండో ఆదివారానికి వచ్చేసేవాడు. వానొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా సరే. అందుకని ఆ మాటకి అర్థమేమిటో నాకు బాగా తెలుసు. వెళ్తాను, వస్తాను. అందులో తెలియకపోవడానికేముంది?

ఆ ఏడాది వానలు తగ్గాక కెనడా నుంచి కొందరు దొరలూ దొరసానులూ మా హాస్టల్‌కి సేవ చేయడానికి వచ్చారు. రెండు వారాలున్నారు. గోడలకి సున్నం వేశారు, పాటలు నేర్పారు, ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళలో చిన్నామె ఒకావిడ, ముక్కు మీద గోధుమరంగు చుక్కలుండేవి, నన్ను చేరదీసింది. రోజూ పొద్దున్నే నాకు జడలు వేసేది. అబ్బో, ఏం జడలనుకున్నారు! వంకర పాపిట, ఒక జడ లావు, ఇంకోటి తోకలా సన్నం. పిల్లలు పకపకా నవ్వితే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ జడల్ని మర్నాటి దాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. అమ్మ పోయాక నా తల మీద అంతసేపు చెయ్యి వేసినవాళ్ళు ఎవరూ లేరు మరి.

వెళ్ళేరోజు ఆవిడ జీపు పక్కన నిలబడి ఒక్కో పిల్ల చెయ్యీ పట్టుకుని, తెలుగులో, ముద్దుముద్దుగా "వెళ్ళొస్తాను" అంది. నా దగ్గర రెండుసార్లంది. అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు. వస్తానంటుంటే ఏడవడం దేనికి?

ఆ తర్వాత రోడ్డు మీద ఏ బండి మోత వినబడినా గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. కళ్ళు కాయలు కాచాయి. చివరికి క్రిస్మస్‌కి రాకుండా ఉండదని నాకు నేనే తేల్చేసుకున్నాను.

క్రిస్మస్‌కి ముందురోజు మా నాన్న నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. కొత్త గౌను తెచ్చాడు. అత్త అరిసెలు వండుతోందని చెప్పాడు. నేను రానన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే నవ్వుతాడని, లాక్కుపోతాడని భయం. గేటు ఊచ పట్టుకుని "నేను రాను నాన్నా" అని అదే పాట. ఆయన బతిమాలాడు. బతిమాలడం పాపం ఆయనకి చేతకాదు, రెండు మాటలయ్యేసరికి నోరు పడిపోయేది. గౌను నా చేతిలో పెట్టి, ఖాళీ సంచీ భుజాన వేసుకుని, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. నేను ఆయన మొహం కేసి కూడా చూడలేదు. నా చూపంతా రోడ్డు మీదే.

పండగనాడు హాస్టల్లో నేనూ, మేం అమ్మగారని పిలిచే వార్డెనూ మిగిలాం. చర్చిలో క్రిస్మస్ ప్రార్థన నుంచి వచ్చి, కొత్త గౌను వేసుకుని, నా జడలు నేనే కావాలని వంకరగా వేసుకుని మధ్యాహ్నం దాకా గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మగారు వచ్చి ఎవరి కోసమే అని అడిగింది. చెప్పాను. ఆవిడ అరుగు మీద కూలబడిపోయింది.

ఆ మాట దొరసానికి నేర్పింది అమ్మగారేనట. మా దేశంలో వెళ్తాననడం అశుభం, వెళ్ళొస్తాననాలి అని చెప్పి, వల్లె వేయించిందట. అందులో వస్తాననే అర్థం ఉందని కూడా దొరసానికి తెలియదట. "అది మర్యాదకి అనే మాటే తల్లీ. ఆవిడ రాదు. తప్పు నాది" అని నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి విదిలించేశాను. నన్ను ఇద్దరు కలిసి మోసం చేశారు, ఒకరు తెలిసి, ఒకరు తెలియక. రెండు నెలలుగా నేను గేటుకి వేలాడటం రోజూ చూసింది కదా ఈవిడ, ఒక్కసారైనా అడగొద్దూ?

అంతలో ఇంకో ఆలోచన వచ్చింది. "అయితే మా నాన్న అనేది కూడా మర్యాదకేనా?" అని అడిగాను. ఆవిడ లేచి, అన్నం చల్లారిపోతోంది పద అంది.

రెండో ఆదివారం దాకా నాకు తిండి సయించలేదు. నేనే పొమ్మన్నట్టు చేశాను, మొహమైనా చూడలేదు, ఇంకెందుకొస్తాడు? ఆ ఆదివారం పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళడానికి కూడా ధైర్యం చాల్లేదు, బావి వెనకాల కూర్చున్నాను. మా నాన్న అక్కడికే వచ్చాడు. పండగనాటి అరిసెలు నా వంతు దాచి తెచ్చాడు, రాళ్ళలా ఉన్నాయి. ఆయన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. గట్టిపడ్డాయని ఏడుస్తున్నాననుకుని, పాలల్లో నానబెట్టుకో అన్నాడు.

అమ్మగారు మంచిదే. నాకు చదువు చెప్పించింది. కానీ ఆవిణ్ణి మళ్ళీ మునుపటిలా నమ్మలేకపోయాను. దొరసాని సంగతి సరేసరి. ఇక్కడికి వచ్చిన కొత్తలో చర్చిలో ముసలి ఆడవాళ్ళ ముక్కుల మీద చుక్కలున్నాయా అని చూసేదాన్ని. కనబడితే ఏమడగాలో కూడా తెలియదు.

పోయినేడాది మా చర్చి వాళ్ళు కెన్యాలో ఒక పిల్లల హోమ్‌కి మిషన్ ట్రిప్ వెళ్తుంటే మా మనవరాలు నన్నూ లాక్కెళ్ళింది. పిల్లల బట్టలు కుట్టడానికి నేనూ పనికొస్తానంది. రెండు వారాలు. గోడలకి రంగులు వేశాం. అంతకు ముందు ఏడాది వచ్చినవాళ్ళు వేసిన నీలం రంగు శుభ్రంగానే ఉంది, దాని మీదే మేం పసుపు వేశాం. అక్కడి పిల్లలకి జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి రోజూ పొద్దున్నే నా కుట్టుమిషన్ దగ్గరికొచ్చి, నా తెల్లజుట్టు విప్పి, వంకరగా జడ అల్లేది. దూరం పెడదామనుకున్నాను. పెట్టలేకపోయాను.

చివరిరోజు ఆ హోమ్ చూసుకునే ఆవిడ మాకందరికీ వాళ్ళ భాషలో ఒక మాట నేర్పింది. తుతావొనానా. అర్థమేమిటని అడిగాను. మళ్ళీ కలుద్దామని అట. వేరే మాట లేదా అన్నాను. ఉంది, క్వహేరి, అంటే సెలవు. కానీ పిల్లలు బాధపడతారు, మొదటిదే బాగుంటుందంది నవ్వుతూ. అచ్చం మా అమ్మగారే.

వ్యాను దగ్గర మావాళ్ళంతా ఒక్కో పిల్లనీ కౌగలించుకుని తుతావొనానా అంటున్నారు. ఆ పిల్ల నా చీర కొంగు పట్టుకుని, తనే ఆ మాట అని, నేనూ అంటానని మొహంలోకి చూసింది. నేను క్వహేరి అన్నాను. కొంగు వదిలేసి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. వ్యానులో మా మనవరాలు "అమ్మమ్మా, దట్ వాజ్ సో మీన్" అని నాతో మాట్లాడటం మానేసింది. నిజమే, మాటొక్కటే మార్చాను. ప్రేమగా రెండు వారాలుండి వెళ్ళిపోవడం మాత్రం నేనూ చేశాను.

మొన్న ఆదివారం చర్చిలో ఈ ఏడాది మళ్ళీ అదే హోమ్‌కి వెళ్ళే ట్రిప్‌కి పేర్లు రాసుకున్నారు. మోకాళ్ళు ఇలా ఉంటే ఎక్కడికని మా అమ్మాయి గొడవ. ఈసారి మనవరాలు కూడా రావడం లేదు. నేను వెళ్ళి నా పేరు రాయించాను. మా నాన్న అరిసెలు పట్టుకుని బావి వెనక్కి వచ్చినప్పుడు, నేను దగ్గరికి వస్తానో రానో, పలుకుతానో లేదో ఆయనకి మాత్రం ఏం తెలుసు? ఆ పిల్ల నన్ను చూసి మొహం తిప్పుకుంటుందేమో. తిప్పుకోనీ. తిప్పుకోవడానికైనా ఎదురుగా మనిషి ఉండాలి కదా, నాకు ఆ దొరసాని ఆపాటి అవకాశం కూడా ఇవ్వలేదు.