మనవరాలి తెలుగు నోటుబుక్కు

పక్కింటి పిల్ల పొద్దున్నుంచి ‘వార్తాపత్రికల ఉపయోగాలు’ వ్యాసం బట్టీ పడుతోంది. అదే వాక్యం పదిసార్లు వినేసరికి నాక్కూడా వచ్చేసింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, చదువంటే ఇదేనని చాలాకాలం నమ్మాను. ఆరేళ్ల కిందట మా బంగారుపాళ్యం వైపు, నా మనవరాలి బడికి కొత్తగా వచ్చిన తెలుగు టీచరమ్మ మాత్రం వ్యాసాలు పక్కనబెట్టి, పిల్లల చేత ఒక వారం పొడుపుకథ, ఒక వారం జోలపాట, ఇంకో వారం నాటకం రాయించేది. వీధిలైటు కోసం అర్జీ కూడా రాయించింది. లైటు వెలిగింది, అది వేరే సంగతి. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న నా మనవరాలు వీటిలో దేనికీ కలం కదపలేదు. వాళ్లమ్మ, నా కోడలు, చనిపోయిన ఏడాది అది. పిల్లకు మాటే తగ్గిపోయింది. చివరికి లేఖ రాయమంటే మూడు పేజీలు రాసింది.

ఆ నోటుబుక్కు నా చేతికి చిక్కింది. కూడబలుక్కుని చదివాను. “అమ్మా, నీ చీరలన్నీ అవ్వ సామాన్లోడికి వేసి స్టీలు గిన్నె తీసుకునింది. ఆ గిన్నెలో వండిన అన్నం నాకు గొంతు దిగడంలా.” కట్టేవాళ్లు లేని చీరలు పెట్టెలో మురగబెట్టడం మా ఇంట్లో లేదు. అయినా ఒళ్లు మండింది. మర్నాడే బడికి పోయాను.

“ఇంటి గుట్టు రాయించేదేనా మీ చదువు?”

“కూచోవ్వా. పాట ఇస్తే రాయలా, కథ ఇస్తే రాయలా. జాబు అనంగానే వాళ్లమ్మకు రాస్తానని తానే అనింది. ఇంగో రెండు రాస్తే తేలికపడతాది.”

“సచ్చిపోయినోళ్లకు జాబేందమ్మా? పరీక్షకు వచ్చేది సెప్పు, సాలు.”

ఇంటికొచ్చి ఆ పేజీలు చించాను. కాగితం పారేసే అలవాటు లేదు కనుక, మాగబెట్టే మామిడికాయలకు చుట్టాను. సాయంత్రం పిల్ల ఒక కాయ విప్పి, తన రాత చూసుకుని, మళ్లీ చుట్టి బుట్టలో పెట్టింది. ఏడవలేదు. “గైడు కొనియ్యవ్వా” అంది, అంతే. అప్పట్నుంచి బట్టీ వ్యాసాలే. మార్కులు బాగానే వచ్చాయి.

ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మొన్న వచ్చినప్పుడు, “మీయమ్మకు ఒక జాబు రాయి పాపా, నేను సూడను” అన్నాను. నా మాట కాదనలేక కాగితం తీసుకుని, ‘అమ్మా’ అని రాసి కలం మూసేసింది.

“ఏం సెప్పాలనుకునింటినో గుర్తు రావడంలా అవ్వా.”

ఆరేళ్లలో తల్లి ముఖం మసకబారడం ఎవరి తప్పూ కాదు. చెప్పాల్సిన మాట కూడా కాలంతో పోతుందని ఆ పేజీలు చించిన రోజు నాకు తెలియదు. ఎవరైనా చెప్పినా వినేదాన్ని కాదు.