చిన్నమ్మ బండికి రెండు రేకు పెట్టెలు

చిన్నమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు ఆమె బండి కొత్తగూడెంలో నా వెల్డింగ్ షెడ్డులోనే ఉంది. ఎడమ పెట్టెను పట్టుకునే ఇనుప పట్టీ విరిగితే, అతికించమని మొన్ననే నాకు అప్పగించి బస్సెక్కింది. నిద్రలోనే గుండె ఆగిందట. పిల్లలు లేని ఆమెకు మేమిద్దరమే కొడుకులం. అన్నయ్య ఏడుస్తూనే ఇంకో మాట అన్నాడు.

"బండి తోలుకొని రా తమ్ముడూ. గా డబ్బాలు మాత్రం విప్పేసి రా. పెద్దమనుషులొస్తరు, బాగుండదు."

ఆమె బతికుండగా ఈ మాట అనే ధైర్యం అన్నయ్యకు ఏనాడూ లేదు.

మా చిన్నమ్మ భద్రాచలం అవతల అడవి గూడేలు తిరిగి మందులిచ్చే నర్సమ్మ. ఆ దారిన వెళ్లిన మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. చిన్నాన్న పోయాక ఆయన మోటార్ సైకిల్ తనే నడపడం మొదలుపెట్టింది. నవ్వేవాళ్లను నవ్వనిచ్చింది. ఒకరోజు తను హాస్టల్లో చదువుకున్నప్పటి రేకు పెట్టె ఒకటి, చిన్నాన్నది ఇంకొకటి తెచ్చి నా ముందు పడేసింది.

"సంచిల మందులు వానకు నానుతున్నయ్‌రా. వీటిని బండికి కట్టు."

నేను కావడి కట్టినట్టు కట్టాను. రెండు పక్కలా ఒకే ఎత్తు, ఒకే దూరం. బరువు సరిసమానంగా కుదిరిందని మురిసిపోయాను కూడా. వారం తిరక్కుండానే వచ్చి కుడి పెట్టె మూత ఎత్తి చూపించింది. క్యాప్సూళ్లన్నీ కరిగి ముద్దయ్యాయి.

"కావడి మోసేటోనికి సైలెన్సర్ ఉంటదారా? మందులు వండిపెట్టినవ్!"

సిగ్గుతో చచ్చిపోయాను. పెట్టెను పైకి జరుపుతానంటే వద్దంది. లోపల చెయ్యిపెట్టి కాసేపు చూసింది.

"ఉండనియ్. మందులు ఎడమకు పెడ్త, దీంట్ల ఉతికిన మెత్తబట్టలు పెడ్త. చలికాలం పుట్టిన పిల్లకు ఆడ వెచ్చటి బట్ట ఎవరిస్తరు?"

బరువు సరిపోవడానికి దాని అడుగున ఇనుప పలక వేయించుకుంది. ఆ తర్వాత ఎంతమంది పసివాళ్లు ఆ వేడిబట్టల్లో ఒదిగారో నాకు తెలియదు. నేను చేసిన తప్పు అన్ని ఇళ్లకు పనికొచ్చింది, అదీ ఆమె చలవే.

అవి అడవి దారుల్లో అడుగడుగునా పోలీసు తనిఖీలు జరిగే రోజులు. తాళం వేసిన పెట్టె కనబడితే అనుమానం. ఒకసారి నేనూ ఆమె వెనక కూర్చుని ఉన్నాను. చెక్‌పోస్టు దగ్గర ఒక అధికారి బండి ఆపి, "ఏందమ్మా ఇవి? రేపటి నుంచి ఈ పెట్టెలు కనబడొద్దు," అన్నాడు. చిన్నమ్మ బండి దిగను కూడా లేదు.

"మూత తియ్యమంటే పదిసార్లు తీస్త సార్. పెట్టె మాత్రం తియ్య. మీకు దవాఖానా ఉంది. గూడెపోళ్లకు గీ డబ్బానే దవాఖానా."

మర్నాడే వచ్చి తాళం కొక్కేలు నాతో కోయించేసింది. అప్పటినుంచి చెక్‌పోస్టు వాళ్లు పొమ్మని చెయ్యి ఊపినా పోయేది కాదు. బండి ఆపి, రెండు మూతలూ ఎత్తి, "చూడుర్రి," అని నిలబడేది. చివరికి వాళ్లే "పోవమ్మా తల్లీ" అని బతిమాలుకునేవాళ్లు.

అన్నయ్య ఫోన్ పెట్టేశాక విరిగిన పట్టీ అతికించడానికి కూర్చున్నాను. వెల్డింగ్ నల్లద్దం వెనక కళ్లనిండా నీళ్లు, రెండుసార్లు చెయ్యి తప్పింది. అతుకు అందంగా రాలేదు, కానీ ఊడదు. బజార్లో ఆమె మీద కప్పడానికి తెల్లబట్ట కొని, కుడి పెట్టెలో పెట్టి బయలుదేరాను.

చిన్నమ్మ ఇంటి ముందు బండి ఆపగానే అన్నయ్య పెట్టెల వైపు చూసి మొహం మాడ్చుకున్నాడు.

"చేతనైతే నువ్వే విప్పన్నా," అన్నాను.

అతను కదల్లేదు. నేను మూత ఎత్తి, తెల్లబట్ట తీసి అతని చేతుల్లో పెట్టాను. పట్టుకున్నవాడు ఒక్కసారి ఆగిపోయాడు. మెల్లగా దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. పెట్టెల మాట ఇక ఎత్తలేదు. ఇద్దరం చెరో కొస పట్టుకొని చిన్నమ్మ మీద కప్పాం. బట్ట ఇంకా వెచ్చగానే ఉంది.