టైర్లక్క తమ్ముడి కారు

మా ఆడపడుచుని వీధి వీధంతా టైర్లక్క అంటారు. నాకు వదిన. మామగారు పోయినప్పుడు టైర్ల కొట్టు అమ్మేద్దామని చుట్టాలందరూ అంటే, పదో తరగతి పిల్ల ఎదురు తిరిగి జాకీ చేత పట్టుకుందట. ఆ కొట్టు మీదే తమ్ముణ్ణి పెంచింది. ఆ తమ్ముడే నా మొగుడు. ఇద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇద్దరికీ పంతం కూడా అంతే ఉండేది. ఏ దేవుడో గానీ ఆ పంతాన్ని ఇద్దరికీ ఒకే బిందెలోంచి పోశాడు.

పాత కారు కొనేవాళ్లు బేరం తెగేముందు వదినని వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆవిడ చేతిలో ఒక తడిగుడ్డ, ఒక చిన్న టార్చిలైటు. అందరూ కారు రంగు చూస్తే ఈవిడ కింద కూర్చుని టైరు తుడిచేది. “నల్ల పాలిష్ కొట్టి ముసలాణ్ణి పెళ్లికొడుకుని చేస్తారు వెధవలు,” అనేది. అరచెయ్యి టైరు మీద అడ్డంగా పోనిచ్చి, ఒక అంచు ఎక్కువ అరిగిందంటే చక్రాలు వంకరగా ఉన్నాయని చెప్పేసేది. గాడిలో గోరు దించి లోతు చూసేది. చివరికి టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు వెతికేది. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కొన్ని టైర్లకి ఆ అంకెలు లోపలి వైపుకి ఉంటాయి. అప్పుడు సిగ్గూ ఎగ్గూ లేకుండా వెల్లకిలా పడుకుని కారు కిందకి దూరేది. లేచి దుమ్ము దులుపుకుంటూ, “ఎంతమంది ఎక్కుతారు? ఏం బరువు వేస్తావు?” అని అడిగి, డ్రైవరు తలుపు అంచున అంటించిన కాగితంలో ఉన్న సైజుతో టైరు సైజు సరిచూసేది.

మా ఆయన నీళ్ల మోటార్లు బాగుచేసేవాడు. స్కూటరు మీద వాటిని మోసీ మోసీ నడుం పడిపోయింది. పాత కారొకటి కొందామనుకుని అక్కని వెంటబెట్టుకుని మూడు కార్లు చూశాడు. మూడింటికీ ఆవిడ వంక పెట్టింది. మూడో కారు దగ్గర, బ్రోకరూ మా ఆయన ఖాతాదారులిద్దరూ చూస్తుండగా, కారు కింద నుంచే అందుకుంది. “టైర్ల మధ్య పుట్టి పెరిగావు, మంచి టైరేదో చెడ్డదేదో తెలీదు! నీకు కారెందుకురా, తోపుడుబండి కొనుక్కో!” అందరూ పగలబడి నవ్వారు. ఆయనకి తల కొట్టేసినంత పనైంది.

“ఇంకోసారి దాన్ని పిలిస్తే నా చెప్పుతో నన్ను కొట్టు,” అన్నాడు ఇంటికొచ్చి. ఆవిడా తక్కువ తినలేదు. నాలుగు నెలలు అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. ఏదైనా ఉంటే “మీ ఆయనకి చెప్పు”, “మీ వదినకి చెప్పు”. మధ్యలో నేను పోస్టుమాన్ని. ఏ కబురు మోసినా చివాట్లు నాకే.

నాలుగో కారు ఆయన ఒక్కడే వెళ్లి కొన్నాడు. ఎవరో పెద్దాయనది, ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉందట. ఇంటి ముందు ఆపి, టైరు గాడిలో నాణెం నిలబెట్టి నాకు చూపించాడు. నాణెం మూడో వంతు దాకా దిగింది. “చూశావా! అరగనే లేదు. మా అక్కైతే దీనికీ ఏదో వంక పెట్టేది.” లోతు చూడటం అక్క దగ్గర నేర్చుకున్నాడు. అంకెలు చూడాలని తెలిసి కూడా చూడలేదు. అది అక్క పద్ధతి కదా.

మర్నాడు పొద్దున వీధి చివరి తన ఇంటి నుంచి కొట్టుకి వెళ్తూ వదిన కారు దగ్గర ఆగింది. వంగి వెనక టైరు తుడిచింది. మెట్ల మీదున్న నా దగ్గరికొచ్చింది.

“తొమ్మిదేళ్ల టైర్లే ఇవి. కదలకుండా పడుంది కాబట్టి అరగలేదు, అంతే. రబ్బరు చచ్చిపోయింది. పక్కన సన్న బీటలు చూడు. వీడు మోటార్లు కూడా వేస్తాడు. నాలుగూ మార్చేవరకూ ఎక్కడికీ తీయొద్దని చెప్పు.”

“లోపలే ఉన్నారు వదినా, మీరే చెప్పండి.”

“వాడితో నాకేం పని? నువ్వు చెప్పు.”

నేను చెప్పలేదు. ఆయన స్నానం చేసి కూనిరాగం తీస్తూ వచ్చి, “ఎక్కవే, అలా తిరిగొద్దాం,” అన్నాడు. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది. అక్క పేరెత్తితే మళ్లీ మొహం మాడ్చుకుంటాడు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు కూడా అలాగే అనుకున్నాను.

నాలుగో రోజు రెండు మోటార్లు వెనకేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో పెద్ద రోడ్డెక్కాడు. వెనక టైరు పేలింది. కారు రెండు పల్టీలు కొట్టింది. ఆయన ఆసుపత్రి దాకా కూడా రాలేదు. నా నోరు పడిపోయినా బాగుండేది. నోరుండీ చెప్పలేదు నేను.

ఏడాదిగా నేనూ కొట్టులోనే పనిచేస్తున్నాను. ఎవరు ఆయన సంగతెత్తినా వదిన ఒకటే మాట అనేది: “చెప్పి పంపించాను. వాడు వినలేదు.” మొన్న కొట్టుకొచ్చినతను ఒకడు దానికి, “మీ తమ్ముడిది మొండితనమేనమ్మా, చేజేతులా చేసుకున్నాడు,” అన్నాడు. చెవిన పడని మాటకి చచ్చినవాడు నింద మోస్తున్నాడు.

ఆ వచ్చినతను వెళ్లగానే వదిన కాళ్ల దగ్గర కూలబడ్డాను.

“ఆయన వినకపోవడం కాదు వదినా. నేను అసలు చెప్పనేలేదు.”

“తెలుసు,” అంది.

చేతిలో ఉన్న తడిగుడ్డ పక్కన పెట్టింది.

“నువ్వు చెప్పుంటే ఆ నిమిషమే నా మీదకి పోట్లాటకొచ్చేవాడు. వాణ్ణి ఎత్తుకు పెంచినదాన్ని, నాకు తెలీదా? రాలేదంటే నువ్వు చెప్పలేదని ఆ రోజు సాయంత్రానికే అర్థమైంది. ఆ మాట నలుగురిలో అంటే నిన్ను బతకనిస్తారా?”

“మరి మీరెందుకు రాలేదు వదినా?”

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆయన శవం ముందు కూడా.

“మూడ్రోజులు భోజనానికి కూడా ఇంటికి పోకుండా కొట్లోనే కూర్చున్నానే. రేపైనా నువ్వు చెబుతావని, వాడొచ్చి తిడతాడని. తిట్టినా మాట్లాడినట్టే కదా.”