మా ఇంటి ఎత్తు తేల్చిన నీళ్ళ పైపు

మా చిన్నప్పుడు మబ్బు పట్టిందంటే చాలు... అమ్మ ముందు బియ్యం డబ్బా ఎత్తి మంచం మీద పెట్టేది. ఆ తర్వాతే నన్ను. బాలానగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇల్లు రోడ్డుకంటే పల్లంలో ఉండేది మరి. గట్టి వాన కురిస్తే మురుగునీళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాల్లా నేరుగా వంటింట్లోకి వచ్చేసేవి.

అందుకే మియాపూర్ అవతల ప్లాటు కొన్నాక అమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. "ఇల్లు ఎంత చిన్నదైనా ఫరవాలేదు. నీళ్ళు మాత్రం గడప దాటగూడదు. ఈ తూరి నీళ్ళొచ్చినాయంటే నేను మా ఊరికి కడప బస్సెక్కుతా." అమ్మ అన్నదంటే అన్నదే. ఆ సంగతి నాన్నకు బాగా తెలుసు.

నాన్న ఫ్యాక్టరీలో ఇనుప భాగాలు చెక్కే టర్నర్. వెంట్రుకవాసి తేడా వచ్చినా నిద్రపట్టని మనిషి. మా మేస్త్రి యాదయ్య మాత్రం పూర్తిగా వేరే రకం... కొలతలన్నీ కంటిచూపుతోనే.

"కండ్లకు కనవడ్తలేదా సార్? రోడ్డు, ప్లాటు సమానమే ఉన్నయ్. రెండు ఫీట్ల బేస్‌మెంట్ లేపితే మస్తు. ఫికర్ జేయకుండ్రి" అన్నాడు.

నాన్న ఫికర్ చేశాడు. ఆదివారం పొద్దున్నే ఒక పొడవాటి తెల్ల ప్లాస్టిక్ పైపు, ఒకే పొడుగున్న రెండు కర్రలు తెచ్చాడు. లోపలి నీళ్ళు బయటికి కనిపించే పైపు అది. కర్రల మీద అంగుళాల గీతలు గీసి, పైపు రెండు కొసలూ రెండు కర్రలకు కట్టి, గాలిబుడగ లేకుండా నీళ్ళు నింపాడు.

రెండు కర్రలూ పక్కపక్కన నిలబెడితే నీళ్ళు ఒకే గీత దగ్గర ఆగుతాయి. ఒక కర్రను దూరంగా తీసుకెళ్ళినప్పుడు అక్కడ నేల పల్లమైతే, ఆ కర్ర మీద నీళ్ళు పైకి వస్తాయి. రెండు గీతలకు ఎంత తేడా ఉంటే నేలలో అంత తేడా అన్నమాట.

రోడ్డు దగ్గర కర్ర అమ్మ పట్టుకుంది. పక్కనే నాన్న, నోటుబుక్కుతో. ప్లాటంతా తిరిగే కర్ర నాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు... ఇంజినీరు అయిపోయినంత పోజు!

మొదటి మూలకు చేరేలోపే పైపులో నీళ్ళు ఒలకబోశాను. నాన్న మళ్ళీ నింపుతూ కసిరాడు. "నడిచేటప్పుడు కొసకు బొటనవేలు అడ్డం పెట్టు పాపా. నిలబడినాక తీసెయ్. మళ్ళా పారబోసినావంటే చూడు!"

అందులో నా చెవికెక్కింది "పారబోసినావంటే" ఒక్కటే. తిట్లు తినడం ఎందుకని... పెట్టిన వేలు ఇక తీయలేదు. నాలుగు మూలలూ తిరిగి అంగుళాలు చదివి అరిచాను. ప్రతిచోటా అదే గీత.

"నేను జెప్పలేదా సార్! ఇంచు గూడ ఫరక్ లేదు" అని యాదయ్య ఛాతీ విరుచుకున్నాడు. నాన్న కూడా సరేననేశాడు. మర్నాడే రాతిపని మొదలుపెట్టాలని తేల్చేశారు.

తిరుగుదారిలో నాకు కొబ్బరిబొండం కొనిచ్చారు. తాగుతూ తాగుతూ ఊరికే స్ట్రా పైకొసకు వేలు అడ్డం పెట్టి బయటికి తీశాను. నీళ్ళు కారలేదు. వేలు తీశాను... బొళుక్కున కారిపోయాయి. మళ్ళీ పెట్టి చూశాను. మళ్ళీ తీశాను. పొద్దుటి నుంచి నా పైపులో నీళ్ళు కదలకపోవడానికి కారణం నేల కాదు... నేను!

చెబితే నాన్న తంతాడు. చెప్పకపోతే కొత్తింట్లోకీ నీళ్ళొస్తాయి. బస్టాపుకు వచ్చేశాం. బస్సు కనిపించేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నాన్నా... నేను వేలు తీయలేదు."

"యాడ?"

"అన్నిచోట్లా..."

నాన్న చెయ్యి లేచింది. గట్టిగా కళ్ళు మూసుకున్నాను. ఆ చెయ్యి వచ్చి మెల్లగా నా తల నిమిరింది. "బతికించినావు తల్లీ! గోడలు లేచినాక చెప్పింటే ఏం గతి?" అని పెద్దగా ఊపిరి వదిలాడు. "బిడ్డనేమీ అనొద్దు" అంటూనే అమ్మ మాత్రం ఒక మొట్టికాయ వేసింది.

బస్సు వదిలేసి వెనక్కి నడిచాం. ఈసారి వేలు తీయగానే నా కర్ర మీద నీళ్ళు జరజరా పైకి పాకాయి. వెనకమూల రోడ్డుకంటే అడుగున్నర పల్లం! అక్కడి నుంచి రెండడుగులు లేపితే రోడ్డుకంటే అరడుగే పైన ఉండేవాళ్ళం.

ప్లాటులోనే రేకుల షెడ్డులో ఉండే యాదయ్య వచ్చి చూసి తల గోక్కున్నాడు. "కండ్లు మోసం జేసినయ్ సార్. ఇగ రోడ్డుకన్న మూడున్నర ఫీట్లు మీదికి లేపుదాం."

ఇంట్లో చేరిన ఏడాదే ఒక మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. వీధి వాగైపోయింది. అమ్మ గడపలో నిలబడి మెట్లనే చూస్తోంది. మొత్తం ఆరు మెట్లు. ఒకటి మునిగింది. రెండోది మునిగింది. మూడోదీ... ఆ పైకి రాలేదు. అమ్మ అక్కడే చతికిలబడి "రాలేదు పాపా... రాలేదు..." అని నవ్వుతూ ఏడ్చేసింది. అమ్మయ్య అనుకోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం. ఇప్పటికీ అందరం ఆ ఇంట్లోనే ఉంటున్నాం. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసి వేసి, మా ఆరు మెట్లలో మూడింటిని మింగేశారు. మొన్నటి వానకు ఆఫీసు ముందు బైకులు మునిగిపోతుంటే హడలిపోయి ఇంటికి ఫోన్ చేశాను.

"నీళ్ళు ఒక మెట్టు కాడ ఆగినాయి లే" అన్నాడు నాన్న.

"అమ్మ ఏం చేస్తోంది?"

"నిద్రపోతాంది."

అంత వానలో... మా అమ్మ నిద్రపోతోంది!

ఇప్పుడు ఫ్లాటు కొనేటప్పుడు ఎన్నో అంతస్తు అని అడుగుతున్నాం, గాలీ వెలుతురూ అడుగుతున్నాం. కింద నేల ఎత్తా పల్లమా అని అడిగేవాళ్ళేరీ? మీ ఇంటి నేలను ఎవరు కొలిచారో, ఎలా కొలిచారో గుర్తుంటే కింద రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.