ఎర్ర తలంబ్రాలు, పసుపు తలంబ్రాలు

నేను ఐదో తరగతి కాడికే సదివినా. తప్పులుంటే సర్దుకోండి. మా చెల్లెలి కూతురు పెండ్లి గురించి మాత్రం రాయాలనిపించింది.

ఆ పాపా, నేనూ ఈ అరబ్బు దేశంలో, సల్వాలో పక్కపక్క ఇండ్లలో పని జేస్తాం. మాది కడప పక్క. పెండ్లికొడుకు జగిత్యాల అబ్బి, దజీజ్‌లో గోడౌన్‌ పని. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకలే. అందుకే పెండ్లి ఈడనే, అబ్బి స్నేహితుల ఫ్లాట్‌లో పెట్టుకున్యాం. తల్లులిద్దరూ ఊర్లనుంచి ఫోన్లో సూడల్ల.

గొడవంతా తలంబ్రాల కాడ వచ్చింది. మావి పసుపు కలిపిన బియ్యం. వాళ్ళింట్లో గులాలు కలిపిన ఎర్ర బియ్యం.

"పసుపుయి పడకపోతే అది పెండ్లే కాదు, నేను ఫోన్ పెట్టేస్తా" అనె మా చెల్లెలు.

"మా అమ్మ గూడ గట్లనే అంటాంది పెద్దమ్మా" అన్యాడు అబ్బి.

పాప ముఖం చిన్నబోయింది. "ఇద్దర్లో ఎవురు ఫోన్ పెట్టేసినా నాకు ఆ పెండ్లి సంతోషం ఉండదు పెద్దమ్మా" అనింది.

అప్పుడు నేనొకటి జెప్పినా. తాళి కట్టినాక పాప పసుపుయి, అబ్బి ఎర్రయి ఒకే పళ్ళెంలో పోయల్ల. ఇద్దరూ చేతులు పెట్టి కలపల్ల. ఆ కలిపినవే ఒకరి మీదొకరు పోసుకోవల్ల. "ముందే కలిపితే మోసమంటారు, వాళ్ళ కండ్ల ముందరనే కలపండి" అన్యా.

"పెద్దమ్మ అయ్యగారైంది పో!" అని అబ్బి ఒకటే నవ్వు.

పెండ్లి శుక్రవారం సాయంత్రం. పొద్దున్నే బియ్యానికి నెయ్యి, పసుపు పట్టించి వంటింట్లో ఆరబెట్టినా. మేడ మీద బట్టలు మడతబెట్టి దిగేసరికి ఒకటే మసాలా వాసన. మా ఇంటి యజమానురాలిని మామా అంటాం, ఆమె ఎప్పుడో గానీ పొయ్యి కాడికి రాదు. ఆ పొద్దు నాకు పని తగ్గిద్దామని, ఆ బియ్యమే కోడిమాంసంలో ఏసి మచ్బూస్ వండేసింది! "నువ్వు పెండ్లికి పోవాల గదా, వంట ఖలాస్" అంటాంది సంతోషంగా.

"అది పెండ్లి బియ్యం మామా!" అన్యా.

మామా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని పగలబడి నవ్వింది. కొత్త బాస్మతి మూట విప్పి, నా పక్కన కూచోని తానే పసుపు పట్టించింది. పచ్చటి అరచేతులు పిల్లోళ్ళకు సూపించుకుంటా తిరిగింది.

సాయంత్రం తాళి కట్టినాక పళ్ళెం పెట్టినాం. "అదేందే, బియ్యం అంత పొడుగుండాయి?" అని ఫోన్లో మా చెల్లెలు. "ఈడ బియ్యం అట్లనే ఉంటాయి, సూడుమే" అన్యా. ఇద్దరూ పోసి కలిపినారు. నెయ్యికి గులాలు అంటుకోని అన్నీ టమాటా రంగు తిరిగినాయి. నేను రెండు ఫోన్లనూ పళ్ళెం దగ్గరికి జరిపినా. పోసుకుంటాంటే స్నేహితులు ఈలలే ఈలలు.

అయిపోయినాక మా చెల్లెలు, "మేయ్, ఫోన్ మధ్యలో ఆగిపాయ. నేను సగమే సూసినా, మళ్ళా పోయమను" అనె.

"నాకు గూడ మల్లొక్కసారి సూపియ్యుండ్రి, మంచిగున్నది" అని రెండో ఫోన్లోనుంచి అబ్బి తల్లి.

పళ్ళెంలో గింజ లేదు. అందరం నేల మీద కూచోని ఏరినాం. పాప జడలోవి, అబ్బి జేబులోవి గూడా దులిపినాం.

"ఎర్రయా పసుపుయా అని సూడొద్దమ్మే, దోసిలి నిండా పొయ్యి!" అని మా చెల్లెలు అరిసింది. పాప అబ్బి తల మీద దోసిలంతా గుమ్మరించింది.